చేతి వెంట నడిచిన బ్రేకు

మన ఊళ్లలో దశాబ్దాలపాటు తిరిగిన హీరో, అట్లాస్ సైకిళ్లకు బ్రేకు ఎక్కడుండాలన్న ప్రశ్నే లేదు. హ్యాండిల్ పట్టుకునే చోటు ఒక్కటే. దాని కిందుగా రాడ్ బ్రేకు కమ్మీ ఉంటుంది, వేళ్లు ముడిస్తే బ్రేకు పడుతుంది. రేసు సైకిలు సంగతి వేరు. పొట్టేలు కొమ్ముల్లా ముందుకు సాగి, కిందికి వంగి, వెనక్కి తిరిగే ఆ డ్రాప్ హ్యాండిల్ మీద చేతులకు కనీసం మూడు చోట్లున్నాయి: పైన అడ్డంగా ఉన్న భాగం, ముందు మలుపు, కింది కొమ్ము. బ్రేకు లివర్ మాత్రం చేతికి ఒక్కటే. దాన్ని ఏ చోటికి అందేలా బిగించాలన్నది నూరేళ్లకు పైబడిన తగువు. కంకర దారుల కోసం వచ్చిన గ్రావెల్ సైకిళ్లకు ఆ కొమ్ములు బయటికి విచ్చుకున్నాక ఈ తగువు కొత్తగా మొదలైంది.

రాడ్ బ్రేకుకు తిన్నని దారి కావాలి. అందుకే లివర్‌ను ఇష్టమొచ్చిన చోట పెట్టడం కుదరదు. 1896లో ఎర్నెస్ట్ బౌడెన్ పేటెంటు పొందిన కేబుల్ ఆ కట్టు తెంచింది. గొట్టంలో నడిచే తీగ ఎటు వంచితే అటు వంగుతుంది కాబట్టి లివర్‌ను హ్యాండిల్ మీద ఎక్కడైనా బిగించవచ్చు. రేసుల వాళ్లు క్రమంగా దాన్ని ముందు మలుపు మీదికి తెచ్చి, కొస కిందికి వేలాడేలా పెట్టుకున్నారు. కింది కొమ్ము పట్టుకుని వంగి తొక్కేటప్పుడు వేళ్లు లివర్ కొసకు అందుతాయి. లివర్ తిరిగే ఇరుసుకు ఎంత దూరంలో లాగితే అంత బలం. మెకానిక్కులు తరతరాలుగా పాటించిన కొలత కూడా ఇందులోంచి పుట్టిందే. కింది కొమ్ము అడుగున ఒక తిన్నని బద్ద ఆనిస్తే లివర్ కొస దానికి తగలాలి.

లెక్కప్రకారం బాగానే ఉంది, నడుము ఒప్పుకోలేదు. గంటల తరబడి వంగి ఎవరు తొక్కగలరు? అలసిన చేతులు పైకి జరిగి లివర్ మొదలునే ఆసరా చేసుకున్నాయి. అది వేళ్లతో లాగడానికి చేసిన లోహపు ముక్క, అరచేయి ఆన్చడానికి చేసింది కాదు. అరచేతులు అక్కడే ఆగుతుండటంతో దానికి రబ్బరు తొడుగు వచ్చింది. నాకు ఈ చరిత్రంతటిలో ముచ్చటైన ఘట్టం ఇదే. గీత గీసినవాడు అనుకున్న చోటు ఒకటి, తొక్కేవాడి చెయ్యి వెతుక్కున్న చోటు మరొకటి. తర్వాతి మార్పులన్నీ ఆ చేతి వెనకే నడిచాయి.

కానీ పైనుంచి లాగితే వేళ్లు ఇరుసుకు దగ్గర పడతాయి, బలం చాలదు. 1970ల్లో అమెరికాలో సైకిళ్ల మోజు పెరిగినప్పుడు, అడ్డంగా ఉన్న భాగం నుంచే పట్టుకునేలా అదనపు లివర్లు తగిలించారు. వాటికి ‘సేఫ్టీ లివర్లు’ అని పేరు పెట్టారు గానీ, సగం లాగుడు వృథాగా పోయి, గట్టిగా బ్రేకు పడకముందే హ్యాండిల్‌కు తగిలేవి. అవి కనుమరుగవడం మంచిదే అయింది. 1980ల్లో కేబుల్ హ్యాండిల్‌కు చుట్టే టేపు కిందికి వెళ్లిపోయి లివర్ నెత్తి నున్నగా మారింది. 1990లో విడిభాగాల సంస్థ షిమానో గేర్లను కూడా బ్రేకు లివర్‌లోనే ఇమిడ్చింది, రెండేళ్లకు కాంపాన్యోలో అదే బాట పట్టింది. అంతవరకు గేరు మార్చాలంటే చెయ్యి దించి, సైకిలు కింది కడ్డీ దాకా పోవాలి. ఇక ఆ రబ్బరు తొడుగే చేతులకు శాశ్వత నివాసమైంది. నూనె ఒత్తిడితో పనిచేసే డిస్క్ బ్రేకులొచ్చాక, పైనుంచి ఒక్క వేలితోనే సైకిలు ఆపే వీలు చిక్కింది.

ఇదంతా తారు రోడ్డు కథ. 1980ల్లోనే కాలిఫోర్నియాలోని మరిన్ కొండల్లో ఇంకో ఆలోచన సాగింది. చార్లీ కన్నింగ్‌హామ్ తన కొండ సైకిళ్లకు బయటికి విచ్చుకున్న డ్రాప్ హ్యాండిళ్లు పెట్టేవాడు. రాళ్ల మీద దిగేటప్పుడు కొమ్ముల మధ్య వెడల్పు పెరిగితే పట్టు నిలుస్తుంది, ముంజేయి హ్యాండిల్ పై భాగానికి కొట్టుకోదు. అతను చేసిన సైకిలు మీదే జాకీ ఫెలన్ 1983 నుంచి వరుసగా మూడేళ్లు అమెరికా కొండ సైక్లింగ్ ఛాంపియన్‌గా నిలిచింది. 1990లో డురాంగోలో జరిగిన ప్రపంచ పోటీల్లో, రోడ్డు రేసుల్లోనూ తొక్కుతున్న జాన్ టోమాక్ డ్రాప్ హ్యాండిల్‌తో దిగాడు. మరిన్ కొండల వాళ్ల పద్ధతిలో హ్యాండిల్ ఎత్తుగా ఉంటుంది, కింది కొమ్మే చేతుల ఇల్లు. లివర్ దానికి అందేలా కిందుగా ఉంటుంది.

2005లో ట్రాన్స్ అయోవా అనే కంకర దారి పందెం, 2006లో కాన్సాస్‌లోని ఎంపోరియా నుంచి 200 మైళ్ల పందెం మొదలయ్యాక ఈ రెండు వంశాలూ ఒకే హ్యాండిల్ మీద కలిశాయి. సాల్సా సంస్థ కౌబెల్ హ్యాండిల్ కొమ్ములను 12 డిగ్రీలు విప్పితే, కౌచిప్పర్ కొమ్ములను 24 డిగ్రీలు విప్పింది. చిక్కంతా ఇక్కడే వచ్చింది. లివర్లు నిటారు కొమ్ముల కోసం పుట్టినవి. విచ్చుకున్న కొమ్ము మీద బిగిస్తే లివర్ కొస బయటికి పోతుంది, తొడుగు నెత్తి లోపలికి వాలుతుంది. కింద పట్టుకున్న చేతికి హాయి, పైన పెట్టిన మణికట్టుకు వంకర. కొందరు తయారీదారులు విచ్చుకోవడాన్ని లివర్ బిగించే చోటుకు దిగువన మొదలుపెట్టి ఈ వాలు తగ్గించారు. షిమానో 2019లో కంకర దారుల కోసమే తెచ్చిన జీఆర్ఎక్స్ విడిభాగాల్లో, ఎలక్ట్రానిక్ గేర్ల లివర్‌కు ఇరుసును పైకి జరిపింది. దానితో తొడుగు మీదినుంచి లాగే వేలికి బలం పెరిగింది.

తారు రోడ్డు రేసుల్లో గాలిని చీల్చుకు వెళ్లడానికి లివర్లను బాగా లోపలికి తిప్పేవాళ్లు. అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య 2024 నుంచి ఆ తిప్పుడును 10 డిగ్రీలకు పరిమితం చేసింది. విచ్చుకున్న హ్యాండిల్ మీద వాలు సరిచేయాలని అలాగే తిప్పేవాళ్లున్నారు. కొద్దిగా అయితే పర్లేదు. ఎక్కువైతే కింది నుంచి లాగే వేలికి లివర్ ఏటవాలుగా తగులుతుంది, కొండ దిగేటప్పుడు అది ప్రమాదం.

నా మట్టుకు ముందు చూడాల్సింది కింది కొమ్మే. గుంతల దారిలో దిగేటప్పుడు పట్టూ బ్రేకూ రెండూ గట్టిగా దొరికేది అక్కడే. అక్కడ చేతులు పెట్టి, చూపుడువేలు చాచకుండా లివర్‌ను చుట్టాలి. అందకపోతే లివర్‌ను మలుపు మీద కాస్త కిందికి దించాలి. వేళ్లు పొట్టివైతే లివర్‌ను దగ్గరికి తెచ్చే చిన్న మర ఉంటుంది, దాన్ని తిప్పాలి. తర్వాతే పైకి వచ్చి, ముంజేతికి మణికట్టు తిన్నగా ఉందో లేదో చూసుకోవాలి. రెండు తొడుగులూ ఒకే ఎత్తులో ఉండాలి. షిమానో లివర్లకు 5 మిల్లీమీటర్ల అలెన్ కీతో 6 నుంచి 8 న్యూటన్ మీటర్ల బిగింపు చాలు. కార్బన్ హ్యాండిలైతే దాని తయారీదారు చెప్పిన అంకెను దాటకూడదు. టేపు అప్పుడే చుట్టొద్దు. ముందు ఒక కంకర దారిన వెళ్లి, ఏటవాలులో దిగి, పైనుంచీ కిందనుంచీ బ్రేకు పట్టి చూడాలి. మణికట్టు నొప్పి పెట్టిన వైపు లివర్‌ను రెండు మూడు మిల్లీమీటర్లు జరిపి, మళ్లీ అదే దారిన దిగాలి.