మా జనరేటర్ పొగ వెనకాల కరెంటు చరిత్ర

పోయిన ఎండాకాలంలో మా అపార్ట్‌మెంటు అసోసియేషన్ మీటింగు రెండు గంటలు నడిచింది. విషయం ఒక్కటే, జనరేటర్ పొగ. మాది సికింద్రాబాద్‌లో రాణీగంజ్‌కి దగ్గర. రెండో అంతస్తులో ఉండే పెద్దావిడకి ఆయాసం. జనరేటర్ పొగగొట్టం సరిగ్గా ఆవిడ వంటింటి కిటికీ పక్కనే ముగుస్తుంది. కరెంటు పోయిన ప్రతిసారీ ఇల్లంతా తెల్లటి పొగ, కళ్ళ మంట. పైగా సైలెన్సర్ జాయింటు దగ్గర్నుంచి నల్లటి జిడ్డు కారి గోడంతా చారలు.

సర్వీసు వాళ్ళొచ్చి చూసి, "ఇంజను బోరుకొచ్చింది, రెండున్నర లక్షలవుతుంది, లేదా కొత్తది కొనుక్కోండి" అన్నారు. అప్పుడు సెక్రటరీ గారు నా వైపు తిరిగి, "నువ్వు ఇంజనీరువి కదా, ఓసారి చూడరాదూ" అన్నారు. జావా రాసేవాడికీ డీజిల్ ఇంజనుకీ ఏం సంబంధమని అంతమందిలో ఎలా అడుగుతాం :) సరే అన్నాను. తీరా చూస్తే అది రిపేరు సంగతి కాదు, చరిత్ర సంగతి అని తేలింది.

ముందు ఆ పొగ సంగతి. నల్లగా వస్తే డీజిల్ ఎక్కువ, గాలి తక్కువ అని అర్థం. ఎయిర్ క్లీనర్ మూసుకుపోవడమో, నాజిల్ కారడమో, లోడు ఎక్కువవడమో. నీలంగా వస్తే ఇంజనాయిల్ కాలుతోంది. రింగులో, వాల్వు సీళ్ళో అరిగాయన్నమాట. తెల్లగా వస్తే రెండు రకాలు: హెడ్ గాస్కెట్ పోయి నీళ్ళు లోపలికెళ్తే వచ్చేది ఆవిరి, గాల్లో తొందరగా కరిగిపోతుంది, రేడియేటర్లో నీళ్ళు కూడా తగ్గుతుంటాయి. కళ్ళు మండించి అక్కడే తచ్చాడేది మాత్రం కాలని డీజిల్. మాది ఈ రెండోది, కొంచెం నీలం కలిసి.

పొగ చూసి రోగం చెప్పడం పాత విద్యే. ఫ్రాన్సులో మాక్సిమిలియన్ రింగెల్మాన్ అనే వ్యవసాయ ఇంజనీరింగు ప్రొఫెసర్ 1888లో ఒక కార్డు తయారుచేశాడు. తెల్లటి కాగితం మీద నల్లగీతల గళ్ళు, గీతలు లావయ్యే కొద్దీ ముదురు బూడిదరంగు. దాన్ని దూరంగా పెట్టి, పొగగొట్టంలోంచి వచ్చే పొగతో పోల్చి 0 నుంచి 5 దాకా మార్కులు వెయ్యడమే. ఆయన లెక్కలో పొగంటే వృథా అయిన ఇంధనం.

మన ఊళ్ళో పొగకీ కరెంటుకీ చుట్టరికం పాతదే. హుస్సేన్ సాగర్ ఒడ్డున, ఇప్పుడు ఐమాక్స్, ఎన్టీఆర్ గార్డెన్స్ ఉన్న వైపు, నిజాం కాలంలో 1920లో కట్టిన బొగ్గు పవర్ స్టేషన్ ఉండేది. 1995లో దాన్ని కూల్చేశారు, నేను పుట్టకముందే. నాకు తెలిసిన పొగ మాత్రం సికింద్రాబాద్ స్టేషన్‌ది. 1962లో అమెరికా నుంచి దిగి, 1964 నుంచి వారణాసిలో తయారైన ఆల్కో డీజిల్ ఇంజన్లు బండి కదిలేటప్పుడు ఫ్లాట్‌ఫారం మీద కుమ్మరించే నల్లటి పొగ. డ్రైవరు నాచ్ పెంచగానే డీజిల్ ముందు వెళ్ళిపోతుంది, టర్బో వేగం అందుకుని గాలి తోసేసరికి కొన్ని సెకన్లు ఆలస్యం. ఆ కొన్ని సెకన్ల పొగే అది. చిన్నప్పుడు ఇంజను పాడైందనుకునేవాణ్ణి. దాని పద్ధతే అంత.

ఇక మా జనరేటర్. 62.5 కేవీఏ, అంటే దాదాపు 50 కిలోవాట్లు. 2012లో కొన్నారు. ఆ ఏడాది, ఆ తర్వాతి ఏడాది ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో కరెంటు ఎలా ఉండేదో మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. పరిశ్రమలకి పవర్ హాలిడేలు, ఇళ్ళకి వేళాపాళా చెప్పి మరీ కోతలు. నేను పదో తరగతి పరీక్షలకి సగం ఈ జనరేటర్ వెలుతుర్లోనే చదివాను. అప్పుడు నలభై ఫ్లాట్లకీ లైట్లు, ఫ్యాన్లు, రెండు లిఫ్టులు, బోరు మోటారు అన్నీ కలిపి 35 కిలోవాట్లని లెక్కేసి, కాస్త పెద్దదే తీసుకున్నారు. ఆ రోజుకి ఆ లెక్క తప్పు కాదు.

రాణీగంజ్‌లో నలభై ఏళ్ళుగా డీజిల్ ఇంజన్లు చూస్తున్న ఒక చాచాని తీసుకొచ్చాను. ఆయన బానెట్ తెరవలేదు. ముందు సైలెన్సర్ జాయింటు దగ్గరి జిడ్డుని వేలితో తీసి వాసన చూశాడు. తర్వాత ప్యానెల్ మీద మీటర్ చూశాడు. ఐదున్నర కిలోవాట్లు.

"గుర్రం కొని మేక బరువు మోయిస్తున్నరు బేటా. బండి ఖరాబు కాలే, పని లేక ఖరాబైంది."

"సర్వీసు వాళ్ళు బోరుకొచ్చిందన్నారు చాచా."

"బోరుకొస్తే లోడు మీద గూడా నీలం పొగ రావాలె. ఫుల్ లోడ్ పెట్టి చూసిన్రా వాళ్ళు?"

ఎవరూ చూడలేదు. మన భాషలో చెప్పాలంటే, బగ్‌ని రీప్రొడ్యూస్ చెయ్యకుండానే సిస్టమంతా తిరగరాయాలని ఎస్టిమేట్ ఇచ్చేశారు.

జనరేటర్ గదిలో వాచ్‌మన్ రాసే డీజిల్ పుస్తకం ఉంది. లాగ్ ఫైల్ అన్నమాట. ఒక ఆదివారం కూర్చుని మొత్తం తిరగేశాను. 2013 వేసవిలో రోజూ రెండు మూడు గంటలు నడిచింది. తర్వాత పేజీలు పలచబడుతూ వచ్చాయి. ఎందుకో వెతికితే తేదీలు వాటంతటవే కలిశాయి. 2013 డిసెంబరు 31న రాయచూర్-షోలాపూర్ 765 కేవీ లైనుతో దక్షిణాది గ్రిడ్డు మిగతా దేశంతో కలిసింది. 2014లో రాష్ట్రం విడిపోయాక నగరంలో కోతలు క్రమంగా తగ్గాయి. 2015 జనవరిలో ఉజాలా పథకం మొదలై ఎల్‌ఈడీ బల్బులు చవకయ్యాయి, 60 వాట్ల చోట 9 వాట్లు చాలు. ఇళ్ళలోకి ఇన్వర్టర్లొచ్చి సగం ఫ్లాట్లు జనరేటర్ లైను వాడ్డమే మానేశాయి. ఇప్పుడది వారానికి పదేసి నిమిషాలు, పదకొండు శాతం లోడుతో నడుస్తోంది.

డీజిల్ ఇంజనుకి కనీసం 30 శాతమన్నా లోడు ఉండాలంటారు. అంతకంటే తక్కువైతే సిలిండరు సరిగ్గా వేడెక్కదు, రింగులు గోడకి గట్టిగా ఆనవు, సగం కాలిన డీజిల్, మసి, ఆయిల్ కలిసి పొగగొట్టంలో పేరుకుంటాయి. దీన్నే వెట్ స్టాకింగ్ అంటారు. మా గోడ మీది చారలు అవే.

నాజిల్స్ శుభ్రం చేయించి, ఎయిర్ క్లీనర్ మార్చి, ఒక లోడ్ బ్యాంక్ అద్దెకి తెచ్చాం. (పెద్ద హీటర్ లాంటిది, కరెంటుని ఉత్తినే వేడి చేసి పారేస్తుంది. రైల్వే షెడ్లలో ఇంజన్లకి లోడ్ బాక్స్ అని ఇలాంటి పరీక్షే చేస్తారు.) పావు లోడుతో మొదలుపెట్టి మెల్లగా 75 శాతానికి తీసుకెళ్ళారు. పేరుకున్న మసి అంటుకునే ప్రమాదం ఉంటుంది కాబట్టి ఇసుక బకెట్లు, ఫైర్ సిలిండరు పక్కనే. మొదటి అరగంట పొగ చూసి మూడో అంతస్తు వాళ్ళు ఫైరింజనుకి ఫోన్ చేయబోయారు. మూడు గంటలయ్యాక గొట్టం చివర వేడి గాలి తప్ప ఏం కనపడలేదు.

పొగగొట్టం సంగతి మాత్రం మొదట్నుంచీ మా తప్పే. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి లెక్క ప్రకారం జనరేటర్ ఉన్న భవనం ఎత్తు మీద, కేవీఏ వర్గమూలాన్ని 0.2తో హెచ్చవేస్తే వచ్చినన్ని మీటర్లు ఎక్కువ ఉండాలి. మాకు అది దాదాపు 1.6 మీటర్లు, డాబా పైన. మేం రెండో అంతస్తు దగ్గరే ఆపేశాం. అంటే పన్నెండేళ్ళు ఆ పెద్దావిడ పీల్చింది నాలుగు పైపుల డబ్బు మిగుల్చుకున్నందుకు. మీటింగులో ఆ మాట నేనన్నప్పుడు ఎవరూ మాట్లాడలేదు. గొట్టం పొడవు పెరిగితే ఇంజను మీద వెనక్కి ఒత్తిడి పెరుగుతుంది కనుక ఈసారి లావుపాటి పైపు వేయించాం.

పొద్దున్నే స్టార్ట్ చేస్తే ఇప్పటికీ కాస్త నీలం పొగ వస్తోంది. ఇన్నేళ్ళ తక్కువ లోడుకి సిలిండరు గోడలు గాజులా నున్నబడి ఉంటాయి, అది పూర్తిగా పోదన్నాడు చాచా. దీన్ని అమ్మేసి 25 కేవీఏది కొందామంటే, 2023 జులై నుంచి వచ్చిన సీపీసీబీ ఫోర్ ప్లస్ నిబంధనలతో కొత్తవి బాగా ఖరీదయ్యాయి. అందుకని ప్రస్తుతానికి ప్రతి శనివారం పొద్దున అరగంట సేపు రెండు లిఫ్టులూ, బోరు మోటారూ, క్లబ్ హౌసు ఏసీలూ అన్నీ కావాలనే దాని మీద నడుపుతున్నాం. ఆ అరగంట డీజిలు ఎవరి ఖాతాలో రాయాలన్న దాని మీద వచ్చే ఆదివారం మళ్ళీ మీటింగు.