జీతానికి మంద తోలినవాడు

1971లో ‘మోసగాళ్లకు మోసగాడు’తో కృష్ణ మన తెరకెక్కించిన కౌబాయ్‌ని తలచుకుంటే టోపీ, గుర్రం, తుపాకీ గుర్తొస్తాయి, మంద గుర్తురాదు. ఆ మాటను తెలుగు చేస్తే వచ్చేది పసులకాపరి. టెక్సాస్ చరిత్రలో కనిపించే మనిషి కూడా ఆ పసులకాపరే, పెద్ద పెట్టుబడి కింద నెల జీతానికి కుదిరిన కూలీ. సినిమాలు, నవలలు కలిసి దాచిపెట్టింది ముఖ్యంగా ఆ జీతాన్నే.

1865లో అమెరికా అంతర్యుద్ధం ముగిసేసరికి టెక్సాస్ మైదానాల్లో పొడుగు కొమ్ముల పశువులు లక్షల్లో ఉన్నాయి. అక్కడ నాలుగైదు డాలర్లు పలికే ఎద్దు ఉత్తరాది నగరాల్లో పది రెట్లు పలికేది. ఆ తేడా చేతికి రావాలంటే మందను రైలు దాకా నడిపించాలి. 1867లో జోసెఫ్ మెకాయ్ అనే వ్యాపారి కాన్సస్‌లోని ఆబిలీన్‌లో పట్టాల పక్కన దొడ్లు కట్టించాడు. రెండు మూడు వేల పశువులను పదీ పన్నెండు మంది రోజుకు 10-15 మైళ్ల చొప్పున నెలల తరబడి తోలేవారు. మంద వెనకాల వచ్చేవాడు పొద్దస్తమానం దుమ్ము మింగాలి. రాత్రి వంతులవారీ కాపలా. ఇంతా చేస్తే నెలకు 25 నుంచి 40 డాలర్లు. గుర్రం సాధారణంగా ఆసామిది, జీను మాత్రమే సొంతం. వీళ్లలో నలుగురికి ఒకరు నల్లజాతివారని ఎక్కువమంది చెప్పే అంచనా. మెక్సికన్లూ తక్కువేమీ కాదు. అసలీ విద్యే వాళ్లది: లాసో, రోడియో, రాంచ్ (పశువుల క్షేత్రం) అన్నీ స్పానిష్ నుంచి వచ్చిన మాటలే.

కూలీ అనడం మరీ ఎక్కువ అనిపిస్తే 1883 చూడాలి. ఆ వసంతంలో ఉత్తర టెక్సాస్‌లోని కొన్ని పెద్ద రాంచ్‌ల కాపరులు నెలకు 50 డాలర్లు ఇవ్వాలని సంతకాలు పెట్టి సమ్మెకు దిగారు. వాటిలో ఎల్‌ఐటీ అనే రాంచ్ అప్పటికే ఎడిన్‌బరోకు చెందిన ప్రెయరీ క్యాటిల్ కంపెనీ చేతిలో ఉంది; లాభం లెక్కలు స్కాట్లండ్‌లో చూసుకునేవారన్నమాట. కొన్ని వారాలకే సమ్మె వీగిపోయింది. సరిగ్గా ఆ రోజుల్లోనే ఒమాహా నగరంలో బఫలో బిల్ అనే ప్రదర్శకుడు కౌబాయ్ విన్యాసాలతో ‘వైల్డ్ వెస్ట్’ ప్రదర్శన మొదలుపెట్టాడు. కూలి పెంచమన్నవాడు మైదానంలో ఓడిపోతుంటే, టికెట్ కొన్నవాళ్లకు అతనే వీరుడై కనిపించాడు. 1902లో ఓవెన్ విస్టర్ రాసిన ‘ది వర్జీనియన్’ నవల ఇంకో అడుగు ముందుకేసింది. అందులో నాయకుడు ఆసామికి నమ్మినబంటు. పశువులు దొంగిలించిన తన స్నేహితుణ్ణి ఉరి తీసే గుంపుకు ముందుండేది అతనే. అంతకు పదేళ్ల ముందు, వయోమింగ్‌లోని జాన్సన్ కౌంటీలో పెద్ద ఆసాములు చిన్నకారు పశుపోషకులకు దొంగలన్న ముద్ర వేసి, వాళ్ల మీదికి టెక్సాస్ నుంచి కిరాయి తుపాకులను దింపారు. నవల ఎవరి పక్షమో వేరే చెప్పాలా?

తుపాకులు మాత్రం నిజమే కదా అనవచ్చు. నిజమే. చరిత్రకారుడు రాబర్ట్ డిక్‌స్ట్రా కాన్సస్‌లోని ఐదు పశువుల సంత ఊళ్లలో 1870-85 మధ్య 45 హత్యలు లెక్కపెట్టాడు. అంత చిన్న ఊళ్లకు అదేమీ తక్కువ కాదని అతని విమర్శకులన్నదీ సబబే. కానీ సినిమా చూపే ఎదురెదురు కాల్పులు వాటిలో బహు అరుదు. పైగా ఆయుధాలు బయట వదిలి రమ్మనే నిబంధన ఆ ఊళ్లలో మామూలు. ఎక్స్‌ఐటీ అనే మహా రాంచ్ అయితే తన పనివాళ్లు పిస్తోలు పెట్టుకోవడాన్నే నిషేధించింది.

ఇంతకన్నా గట్టి అభ్యంతరం ఇంకోటుంది: ఈ గొప్పలు కౌబాయ్‌లే చెప్పుకున్నారు కదా? బానిసగా పుట్టి కౌబాయ్ అయిన నాట్ లవ్ 1907లో అచ్చువేసిన ఆత్మకథలో తుపాకీ గురిలోనూ గుర్రపుస్వారీలోనూ తనకు సాటి లేదన్నట్టు రాసుకున్నాడు. జీతగాడికి తన పని మీద గర్వం ఉండకూడదని ఎవరన్నారు? అయితే ఆ పుస్తకం అక్కడితో ఆగదు. మందలు తోలే రోజులు ముగిశాక అతను పుల్‌మన్ కంపెనీ రైళ్లలో పోర్టరుగా చేరి, ప్రయాణికుల పడకలు సర్దాడు. ఆ సంగతీ అందులోనే రాశాడు.