పాలకడలికి ఉత్తరాన తెల్లదీవి

ఆత్మకూరులోనో ఉదయగిరిలోనో ఎవరింట వ్రతం జరిగినా అయ్యవారు ముందు సంకల్పం చెప్పిస్తారు. జంబూద్వీపంలో, మేరువుకు దక్షిణాన, శ్రీశైలానికి ఆగ్నేయాన, కృష్ణా కావేరుల నడుమ ఉన్నామని మనచేత పలికిస్తారు. సోమశిల కాలువ నీళ్లకోసం ఎదురుచూసే రైతు కూడా ఆ కాసేపు తన ఊరి ఉనికిని మేరుపర్వతం నుంచే చెప్పుకుంటాడు. మేరువుకు దక్షిణాన మనమున్నాం సరే, ఉత్తరాన ఎవరున్నారు? ఈ ప్రశ్నకు మన పూర్వులు చెప్పిన జవాబుల్లో శ్వేతద్వీపమంత అందమైనది నాకు ఇంకొకటి కనబడలేదు.

ఉత్తరపు కొసన వింతలోకం ఉందన్న ఊహ అంతకు ముందునుంచే ఉంది. కిష్కింధకాండలో సుగ్రీవుడు శతబలిని ఉత్తరానికి పంపుతూ ఉత్తరకురు దేశం గురించి చెబుతాడు. దాన్ని దాటితే సముద్రం, అందులో సోమగిరి. అక్కడ సూర్యుడు లేకపోయినా ఆ కొండ కాంతితోనే వెలుగు ఉంటుందట. సభాపర్వంలో దిగ్విజయానికి వెళ్లిన అర్జునుడంతటివాడు ఆ పొలిమేర దాకా వెళ్లి వెనుదిరిగాడు. ఇక్కడ గెలవడానికి ఏమీ లేదు, మనిషి కంటికి ఏదీ కనబడదు అని కావలివాళ్లు చెప్పారు.

శ్వేతద్వీపం భారతం శాంతిపర్వంలోని నారాయణీయమనే భాగంలో వస్తుంది. పాలసముద్రానికి ఉత్తరాన, మేరువు నుంచి 32,000 యోజనాల దూరాన ఉందని అక్కడి లెక్క. ఏకతుడు, ద్వితుడు, త్రితుడు అనే ముగ్గురు ఋషులు అక్కడికి వెళ్లారు. వెళ్లగానే ఆ వెలుగుకు వాళ్ల కళ్లు బైర్లుకమ్మాయి. మళ్లీ తపస్సు చేశాక మనుషులు కనబడ్డారు. చంద్రుడి రంగు ఒళ్లు, గొడుగులాంటి తలలు, మేఘగర్జనలాంటి గొంతులు. తిండి లేదు, రెప్పపాటు లేదు. చేతులు జోడించి మనసులోనే జపం చేసుకుంటున్నారు. వాళ్లలో ఒకడు ఎక్కువ, ఒకడు తక్కువ అని లేదు, అందరి తేజస్సూ సమానమే. వచ్చిన ఋషుల వైపు ఒక్కరూ కన్నెత్తి చూడలేదు. ఎంత తపస్సు చేసినవాళ్లయినా వాళ్ల గొప్పతనం అక్కడ పనికిరాలేదు. హెచ్చుతగ్గుల మధ్యే బతుకుతున్న మనుషులు ఇలాంటి జనాన్ని ఊహించగలిగారంటే ఇప్పటికీ నా మనసు ఉప్పొంగుతుంది.

ఆ శాంతిపర్వాన్ని తెలుగు చేసినవాడు మన జిల్లావాడే. 13వ శతాబ్దంలో నెల్లూరిలో మనుమసిద్ధి కొలువులో ఉన్న తిక్కన. 15వ శతాబ్దంలో వెన్నెలకంటి సూరన విష్ణుపురాణాన్ని తెనిగించి రాఘవరెడ్డికి అంకితమిచ్చాడు. ఏడు దీవులు, వాటి చుట్టూ ఉప్పు, చెరకురసం, కల్లు, నెయ్యి, పెరుగు, పాలు, మంచినీళ్ల కడళ్లు చెప్పే పురాణం అది. ఆ శతాబ్దంలోనే ఉదయగిరి ఏలిన బసవరాజుకు దూబగుంట నారాయణకవి పంచతంత్రాన్ని అంకితమిచ్చాడు. నెల్లూరు సీమలో కథకు ఆదరణ ఉన్న కాలం అది.

ఒక సంగతి గమనించాలి. శ్వేతద్వీప వర్ణనంతా వెలుగు గురించే, చలి గురించి కాదు. ఆ తెలుపును మంచుగా చదివింది తరవాతివాళ్లు. తెలుగు కవిత్వంలో ఉత్తరపు చలి గుర్తుండిపోయేలా వచ్చింది పెద్దన మనుచరిత్రలో. ప్రవరుణ్ని హిమాలయానికి చేర్చిన కాలి పసరు మంచు తగిలి కరిగిపోవడంతోనే అసలు కథ మొదలవుతుంది. ఆ పెద్దన ఉన్న కొలువు 1514లో గజపతుల నుంచి ఉదయగిరి దుర్గాన్ని గెలిచిన కృష్ణదేవరాయలదే.

గ్రీకులకూ ఇలాంటి ఊహ ఉంది. క్రీస్తుపూర్వం 4వ శతాబ్దంలో పిథియస్ అనే నావికుడు బ్రిటన్‌కు ఉత్తరాన ఆరు రోజుల పడవ ప్రయాణంలో థూలే అనే నేల ఉందన్నాడు. తరవాతి కాలపు భూగోళవేత్త స్ట్రాబో ఆ మాట నమ్మలేదు.

మన దీవిని పటంలో వెతికినవాళ్లూ ఉన్నారు. కాశీలో ఉన్న ఫ్రాన్సిస్ విల్‌ఫర్డ్ అనే ఈస్టిండియా కంపెనీ సైన్యాధికారి బ్రిటిష్ దీవులే శ్వేతద్వీపమని వాదించి, కలకత్తా ఏషియాటిక్ రిసెర్చెస్‌లో వరసగా వ్యాసాలు రాశాడు. తన దగ్గర పనిచేసిన పండితుడు రాతప్రతులు దిద్ది తనకు కావలసిన ఆధారాలు పుట్టించి ఇచ్చాడని 1805లో ఆయనే ఒప్పుకున్నాడు. అయినా ఆ సిద్ధాంతాన్ని వదల్లేదు. 1903లో జాతీయోద్యమ నాయకుడు బాలగంగాధర తిలక్ వేద ఋషుల తొలి నివాసం ఆర్కిటిక్ ప్రాంతమని పుస్తకం రాశాడు. పండితలోకం దాన్ని అంగీకరించలేదు.

శ్వేతద్వీపానికి అక్షాంశం వెతకడం వృథా అని నా అభిప్రాయం. అది ఓడ ఎక్కి చేరే చోటు కాదు. అహంకారం వదిలితేనే కనబడేలా కవి కట్టిన చోటు. ఉదయగిరి, ఆత్మకూరు బడుల్లో తెలుగు చెప్పే అయ్యవార్లకు, అమ్మలకు నా విన్నపం ఒక్కటే. తిక్కన పేరు చెప్పిన రోజున ఆ ముగ్గురు ఋషుల కథ కూడా పిల్లలకు చెప్పండి.