క్రిస్మస్‌కి దాచిన డబ్బు ఎక్కడ పెట్టారు? వందేళ్ల కథ

డిసెంబర్ వచ్చిందంటే క్రిస్మస్ ఇళ్లలో కొత్త బట్టలు, కేకు, పిల్లలకి ఏదో ఒక బొమ్మ. మరి చేతిలో డబ్బులు ఆడని ఏడాదిలో ఎలా? "కొద్దికొద్దిగా దాచుకోండి" అంటారు అందరూ. కరెక్టే. కానీ చరిత్ర చదివితే నాకు ఇంకో మాట అర్థమైంది. దాచడం సగం పనే. ఎవరి దగ్గర దాచాం అన్నది మిగతా సగం.

1909కి వెళ్దాం. అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రం, కార్లైల్ అనే చిన్న ఊరు. అక్కడి కార్లైల్ ట్రస్ట్ కంపెనీ అనే బ్యాంకులో ట్రెజరర్ మెర్కెల్ లాండిస్ ఒక క్రిస్మస్ పొదుపు పథకం పెట్టాడు. ఇలాంటి వాటికే తర్వాత "క్రిస్మస్ క్లబ్" అని పేరొచ్చింది. లెక్క చాలా సింపుల్. వారానికి అర డాలర్ కడితే 50 వారాలకి 25 డాలర్లు. పండగ ముందు మొత్తం చేతికిస్తారు. మధ్యలో తీసుకోవడం కుదరదు. వడ్డీ నామమాత్రం, చాలాచోట్ల అసలు లేదు. అయినా జనం ఎగబడి చేరారు. ఎందుకంటే కూలి డబ్బులు ఇంట్లో ఉంటే ఖర్చైపోతాయి కదా!

తర్వాత 1929లో షేర్ మార్కెట్ కుప్పకూలింది, మహామాంద్యం మొదలైంది. పొదుపు అవసరం పెరిగింది, కానీ డబ్బు పెట్టిన బ్యాంకులే మూతపడటం మొదలైంది. 1930 డిసెంబర్ 11న, క్రిస్మస్‌కి సరిగ్గా రెండు వారాల ముందు, న్యూయార్క్‌లో "బ్యాంక్ ఆఫ్ యునైటెడ్ స్టేట్స్" మూతపడింది. పేరు చూసి ప్రభుత్వ బ్యాంకేమో అనుకుంటాం. కాదు, ప్రైవేటుదే. అందులో డబ్బు వేసుకున్నవాళ్లు 4 లక్షల మందికి పైనే. చాలామంది వలస వచ్చినవాళ్లు, బట్టల ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్లు. డబ్బులో చాలా భాగం తర్వాత తిరిగొచ్చింది గానీ, ఏళ్లు పట్టింది.

ఈ దెబ్బలన్నీ తగిలాకే 1933లో అక్కడ డిపాజిట్ ఇన్సూరెన్స్ చట్టం వచ్చింది. 1934 జనవరి 1 నుంచి, బ్యాంకు మునిగినా ఒక్కొక్కరికి 2,500 డాలర్ల దాకా గ్యారంటీ. మన దేశంలో ఇది 1962లో మొదలైంది. అప్పట్లో పరిమితి 1,500 రూపాయలు, 2020 నుంచి 5 లక్షలు.

అయితే సమస్య తీరిపోయిందా? లేదు. బ్రిటన్‌లో ఫేర్‌పాక్ అనే కంపెనీ ఉండేది. నెలనెలా కొంచెం కడితే క్రిస్మస్‌కి సరుకుల బుట్టలు, షాపింగ్ వోచర్లు ఇచ్చేది. డబ్బు వసూలు చేసే ఏజెంట్లు చాలాచోట్ల పక్కింటివాళ్లో, చుట్టాలో. తెలిసినవాళ్లే కదా అన్న నమ్మకం. 2006 అక్టోబర్‌లో, పండగకి రెండు నెలల ముందు, కంపెనీ దివాలా తీసింది. లక్ష మందికి పైగా కుటుంబాలు, ఒక్కొక్కరివి సగటున 400 పౌండ్ల దాకా. ఫేర్‌పాక్ బ్యాంకు కాదు కాబట్టి ఇన్సూరెన్స్ వర్తించలేదు. ఏళ్ల తరబడి తిరిగితే చేతికొచ్చింది సుమారు సగం. పాపం, ఆ ఏజెంట్లు కూడా తమ డబ్బు పోగొట్టుకుని, పైగా ఇరుగుపొరుగుకి మొహం చూపించలేకపోయారు.

ఇక్కడ గమనించండి. ఆ తల్లులు దుబారా చేయలేదు, అప్పు చేయలేదు. జనవరి నుంచి పైసాపైసా కూడబెట్టారు. అంత క్రమశిక్షణ ఉన్నా నష్టపోయింది వాళ్లే.

మన ఇళ్లలో చిట్టీలు ఉంటాయి, బంగారం షాపుల నెలవారీ స్కీములు ఉంటాయి. అన్నీ మోసాలని నేననను. కానీ బ్యాంకు డిపాజిట్‌కి ఉన్న ఇన్సూరెన్స్ వీటికి ఉండదు. కాబట్టి ఈసారి అమ్మ చిట్టీ కట్టడానికి వెళ్తుంటే ఒక్కమాట అడగండి: "అమ్మా, వీళ్లు మూసేస్తే మన డబ్బు ఎవరిస్తారు?" జవాబు దొరక్కపోతే, పండగ డబ్బుకి బ్యాంకులో ఓ రికరింగ్ డిపాజిట్ చాలు.

మీ ఇంట్లో పండగకి ఎలా దాస్తారో కామెంట్‌లో చెప్పండి. మళ్లీ కలుద్దాం!