దుబాసీ కొలువు, ప్రోగ్రామరు కొలువు

ఒంగోలు వాస్తవ్యుడు వెన్నెలకంటి సుబ్బారావు 1815 నుంచి 1829 వరకు మద్రాసు సదర్ అదాలతులో అనువాదకుడు, దుబాసీ. (1904కు ముందు ఒంగోలు నెల్లూరు జిల్లాలోదే.) 1873లో అచ్చయిన స్వీయచరిత్రను ఆయన ఇంగ్లీషులోనే రాసుకున్నాడు. ఎన్ని భాషలు వచ్చినా తీర్పు చెప్పే కుర్చీ మాత్రం దొరదే. కంపెనీవారు ఆయన నాలుకను కొలువులో పెట్టుకున్నారు. బుద్ధిని సమానంగా ఒప్పుకోలేదు.

ఈ తంతు కంపెనీతో అంతం కాలేదు. సంవత్సరాన్ని రెండంకెలతో రాసిన పాత ప్రోగ్రాములను 2000 లోపల సరిదిద్దవలసి వచ్చినప్పుడు, కోబాల్ నేర్చిన తెలుగు యువకులు అమెరికాకు అవసరమయ్యారు. హెచ్-1బి వీసాల వార్షిక పరిమితి 65,000 నుంచి 1999లో 1,15,000కు, 2001లో 1,95,000కు పెరిగింది. 2004లో మళ్లీ 65,000కు పడింది. ఈలోగా మనవాళ్ల ఇంగ్లీషు చెడిపోయిందా? లేదు, గిరాకీ పడిపోయింది. మనిషిని రప్పించడం కన్నా పనినే హైదరాబాదుకు పంపడం చవక అని కూడా యజమానులు గ్రహించారు. ఉద్యోగం పోయిన అమెరికా ప్రోగ్రామరు కోపం న్యాయమైనదే. కాని అది వేతనాల తేడా మీదికి పోక మన యాస మీదికి మళ్లితే లాభపడేది యజమానే. కోబాల్‌కు యాస ఎక్కడిది?

ఇక మన ఇంటి సంగతి. తర్కం బాగా తెలిసిన తెలుగు మీడియం పిల్ల ఇంటర్వ్యూలో నోరు పెగలక తిరిగివస్తుంది. ఆమెను వడగట్టేవాడు తరచుగా తెలుగువాడే! పిల్లలు అర్థం తెలియకుండానే పద్యాలు వల్లిస్తున్నారని సుబ్బారావు 1820లోనే మద్రాసు స్కూల్ బుక్ సొసైటీకి నివేదించాడు. నెల్లూరు కోచింగు గదుల్లో ఇప్పుడు ఆ వల్లెవేతే ఇంగ్లీషు వాక్యాలతో, ఫీజు కట్టించుకుని మరీ సాగుతోంది.