పురుడు పోసిన చేతులకు చరిత్ర లేదా?

"మంత్రసానితనం ఒప్పుకున్నాక ఏది వచ్చినా పట్టాలి" అని మన ఊళ్లలో సామెత. నవ్వులాటకి వాడే ఈ మాటలో ఉన్న కులం సంగతి మనం గుర్తించాలి. తెలుగులో పురుడు అంటే కాన్పు, పురుడు అంటే మైల కూడా. ఆ మైలను పట్టేదెవరు? చాలా ఊళ్లలో బొడ్డు కోసింది, మాయ పూడ్చింది, నెత్తుటి గుడ్డలు ఉతికింది మాల, మాదిగ, మంగలి, చాకలి స్త్రీలే. మామూలు రోజుల్లో గడప తొక్కనివ్వని దళిత స్త్రీని నొప్పులొచ్చిన రాత్రి లోపలికి పిలిచారు. బిడ్డ బయటపడ్డాక ఇల్లు శుద్ధి చేసుకున్నారు. చేటెడు గింజలిచ్చి పంపేశారు.

ఇంగ్లీషు సర్కారు చూపు కూడా వేరుగా లేదు. 1885లో డఫరిన్ ఫండ్ పెట్టి ఆడవాళ్లకు ఆడ డాక్టర్లన్నారు. ఆ ఆసుపత్రులు ఎక్కువగా పట్నాలకే పరిమితం. 1903లో విక్టోరియా మెమోరియల్ స్కాలర్‌షిప్ ఫండ్‌తో మంత్రసానులకు శిక్షణ మొదలెట్టారు. తల్లుల చావులకు మంత్రసాని మురికి చేతులే కారణమన్నారు. ఆమె వాడకి మంచినీళ్ల బావి ఎందుకు లేదో మాత్రం అడగలేదు.

పాత రోజులే బాగున్నాయని మేము అనడం లేదు. అడ్డం తిరిగిన బిడ్డకి, ఆగని నెత్తురుకి మంత్రసాని దగ్గర మందు లేదు. ఆసుపత్రి మన హక్కు. కానీ ఆ హక్కు మన దాకా ఎలా వచ్చింది? 1992-93 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి ఆంధ్రప్రదేశ్‌లో ఆసుపత్రి కాన్పులు మూడోవంతే. 2005లో జననీ సురక్షా యోజన వచ్చింది. మన రాష్ట్రంలో పల్లె తల్లికి 700 రూపాయలు. అందులోనూ 19 ఏళ్లు నిండాలని, రెండు కాన్పుల వరకేనని షరతులు. చిన్న వయసులో పెళ్లయిన కూలి పిల్లే ఎక్కువ ప్రమాదంలో ఉంటుంది. షరతు తోసేసింది ఆమెనే. 2013లో గానీ వాటిని ఎత్తెయ్యలేదు.

2019-21 సర్వే ప్రకారం ఆసుపత్రి కాన్పులు తెలంగాణలో 97 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 96.5 శాతం. ఇది చిన్న విజయం కాదు. అదే సర్వేలో ఆపరేషన్ కాన్పులు తెలంగాణలో 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం. దేశం మొత్తం మీద 21.5 శాతమే. తెలంగాణ ప్రైవేటు ఆసుపత్రుల్లో ఏకంగా 81.5 శాతం. కూలికి పోయే తల్లికి అక్కర్లేని కోత అంటే పోయిన పని దినాలు, తెచ్చిన అప్పు.

మామూలు కాన్పులు పెంచాలని 2018లో కేంద్రం మిడ్‌వైఫరీ మార్గదర్శకాలు తెచ్చింది. దానికి నర్సింగ్ చదువు కావాలి. చదువు ఉండాల్సిందే, కాదనం. నిన్నటి దాకా మైల అన్న పని ఇవాళ జీతం, గౌరవం ఉన్న ఉద్యోగమవుతోంది. మైల మోసినన్నాళ్లూ ఆ పని మన వాడదే. ఇప్పుడు ఆ సీట్లలో మన వాడ ఆడపిల్లల వాటా ఎంత? ఈ లెక్క మనమే అడగాలి.