మోదుగుపువ్వులోని రంగు

ఫాల్గుణం వచ్చిందంటే జగిత్యాల, కోరుట్ల, మల్లాపూర్ ప్రాంతాల చెలకల గట్లమీద మోదుగుచెట్లు ఆకు రాల్చి, నిలువెల్లా పువ్వయి నిలుస్తాయి. ఆ పువ్వులను కుండలో మరిగించి హోళీకి రంగునీళ్ళు సిద్ధం చేసుకోవడం మన పెద్దలు ఎరిగిన పనే. ఆ కషాయంలో చిటికెడు సున్నం కలిపితే పలుచని పసుపు ముదిరి నారింజవన్నెకు తిరుగుతుంది. సున్నం ఎందుకని అడిగితే, ‘మా అమ్మ వేసేది’ అన్నదే సమాధానం. దానికి వెనుక ఉన్న శాస్త్రాన్ని కనుగొన్న కథ తెలుగుదేశానికీ చెందినది.

ముందు తేనెటీగను తలచుకుందాం. చెట్ల మొగ్గలనుంచీ బెరడునుంచీ కారే జిగురును అది వెనుకకాళ్ళకు అంటించుకొని తెచ్చి, పట్టులోని పగుళ్ళు పూడుస్తుంది. గ్రీకులు దానికి ‘ప్రొపోలిస్’ అని పేరు పెట్టారు. పురానికి ముందున్నదని అర్థం. మన పొదలలోని జుంటి తేనెటీగ, చీమలు రాకుండా, పట్టు వ్రేలాడే కొమ్మకు ఇరువైపులా జిగురుకట్టు వేస్తుంది. ఐరోపాలోని ఈగలు ఎక్కువగా పోప్లార్ మొగ్గలనుంచి తెచ్చే జిగురును పరీక్షించినప్పుడు అందులో క్రైసిన్ వంటి పసుపు పదార్థాలు కనిపించాయి. వీటినే ఫ్లావనాయిడ్లు అంటారు. మోదుగుపువ్వులోని రంగు కూడా ఈ కుటుంబానిదే.

1856లో విలియం హెన్రీ పెర్కిన్ తారునుంచి ఊదారంగు తయారుచేశాడు. చెట్ల రంగులకు గడ్డుకాలం అప్పుడే మొదలైంది. విచిత్రమేమంటే, ఆయన కుమారుడు ఆర్థర్ జార్జ్ పెర్కిన్ తన జీవితాన్ని ఆ చెట్ల రంగుల పరిశోధనకే వినియోగించాడు. ఆయనా, హమ్మెల్ అనే ఆచార్యుడూ 1904లో లీడ్స్‌నుంచి మోదుగుపువ్వు గురించి ప్రకటించారు. అందులో బ్యూటిన్, బ్యూటీన్ అనే రెండు పదార్థాలు ఉన్నాయనీ, పువ్వులో అవి చక్కెరతో ముడిపడి ఉంటాయనీ తేల్చారు.

బ్యూటిన్ అణువులో ఒక కడియం మూసి ఉంటుంది; దానికి వన్నె లేదు. క్షారం తగిలితే కడియం తెరుచుకొని నారింజవన్నె గల బ్యూటీన్ అవుతుంది. ఆ క్షారమే రంగును మరింత ముదురు చేస్తుంది. మన సున్నం చేసే పని ఇదే. నిమ్మరసం పిండి చూడండి, వన్నె మళ్ళీ పలుచబడుతుంది.

ఆచార్య తిరువేంకట రాజేంద్ర శేషాద్రి 1934 మొదలు 1949 వరకు వాల్తేరులోని ఆంధ్రవిశ్వకళాపరిషత్తులో రసాయనశాస్త్రం బోధించారు. మాంచెస్టరులో రాబర్ట్ రాబిన్సన్ వద్ద శిక్షణ పొందిన ఆయన, మన ఊళ్ళలో దొరికే పత్తిపువ్వులనూ మోదుగుపువ్వులనూ శిష్యులచేత పరీక్ష చేయించారు. రేకులను సారాయిలో నానబెట్టి, వడకట్టి, ఇగిర్చి, స్ఫటికాలు తీయడం, ఆమ్లంతో చక్కెరను విడదీయడం, కరగే వేడిని కొలవడం—ఈనాటి యంత్రాలు లేని కాలంలో ఓపికే ప్రధాన సాధనం. 1942లో విశాఖపట్టణంమీద బాంబులు పడ్డాయి. విశ్వవిద్యాలయం గుంటూరుకు తరలిపోవలసి వచ్చింది. అయినా పరిశోధన ఆగలేదు. ఢిల్లీకి వెళ్ళిన తరువాత కూడా శేషాద్రిగారు మోదుగును మరువలేదు. 1955లో అక్కడ వెలువడిన కొత్త పదార్థానికి పలాశం పేరుమీద ‘పలాసిట్రిన్’ అన్న నామం స్థిరపడింది. 1960లో రాయల్ సొసైటీ ఆయనను సభ్యునిగా ఎన్నుకొన్నది.

ఒక నిజం చెప్పక తప్పదు. మోదుగురంగు బట్టమీద నిలువదు. ఎండకూ ఉతుకుకూ వెలిసిపోతుంది. కాబట్టి సిరిసిల్ల మగ్గానికి అది పనికిరాలేదని విచారించనవసరం లేదు. హోళీనాడు మాత్రం వెలిసిపోవడమే దాని గుణం. నేడు యంత్రం ప్రొపోలిస్ చిటికెడులో పదుల పదార్థాలను గుర్తిస్తున్నది. కాని ఏ పువ్వును మరిగించాలో, ఎప్పుడు సున్నం వేయాలో యంత్రం కంటె ముందే ఇంటి ఆడవారు ఎరుగుదురు. ఈసారి పిల్లలు కుండ చుట్టూ చేరి అడిగినప్పుడు, ‘మా అమ్మ వేసేది’ అన్న మాటకు తోడుగా, ఆ కడియం సంగతి కూడా చెప్పండి.